కిరీటాలు లేని మంద

ఆల్ట్‌జేలో వాన మొదలైందంటే ఇక దానికి వెళ్లే ఉద్దేశం ఉండదు. మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క సరస్సు. మబ్బు లోపలికి దిగాక మళ్లీ ఎక్కడానికి బద్ధకిస్తుంది. ఊరివాళ్లు పట్టించుకోరు. గొడుగు కూడా వేసుకోరు. ఎవరైనా గొడుగుతో కనిపించారంటే దారినపోయేవాళ్లని లెక్క.

ఆ సెప్టెంబరు సాయంత్రం బుర్గి సత్రం ముందు ఆగిన కారులోంచి రెండు గొడుగులు దిగాయి. ఒకటి ముందు నడిచింది, రెండోది కావాలనే వెనకబడింది. మొగుడూ పెళ్లాలేనని, పోట్లాడుకుని వస్తున్నారని బుర్గి గుమ్మంలోంచే పోల్చుకుంది. సత్రం నడిపేవాళ్లకి ఆ మాత్రం కన్ను ఉంటుంది.

"ఇటలీ వెళ్లాలండీ, సముద్రానికి. ఒక్క కాఫీ తాగి బయల్దేరతాం" అన్నాడు ఎగాన్.

"ఇటలీ ఎక్కడికీ పోదు గానీ, ముందు ఆ మేజోళ్లు విప్పండి" అంది బుర్గి. "కింది దారి మీద కొండ జారింది. మట్టీ చెట్లూ అన్నీ రోడ్డు మీదే పడుకున్నాయి. పైన గది ఖాళీగానే ఉంది."

ఎగాన్ భార్య వైపు చూశాడు. ఆ చూపులో 'నేను చెప్పానా లేదా' అని రాసి ఉంది. లింజ్ నుంచి బయల్దేరినప్పుడు అతను పెద్ద రోడ్డున పోదామన్నాడు. సొరంగాల్లోంచి పోతే చూసేదేముంది, పాత కొండదారిన పోదామని గెర్లిండె పట్టుబట్టింది. పెళ్లయి పాతికేళ్లయిన సందర్భంగా చేస్తున్న ప్రయాణం కదా, ఆ మాత్రం తన మాట చెల్లాలనుకుంది. తీరా కొండెక్కాక కురిసిన వానకి రోడ్డే కనబడలేదు. "చూడు, బాగా చూడు నీ కొండల్ని" అన్నాడు ఎగాన్. ఆ మాటతో ఆమె నోరు కట్టేసుకుంది. స్టీరింగు మాత్రం వదల్లేదు.

పలకల పొయ్యి పక్కన తీగ మీద తడి మేజోళ్లు ఆరేస్తుంటే ఆమెకి ఆ గేటు గుర్తొచ్చింది. పై పచ్చిక బయళ్లలోంచి దారి అడివిలోకి దిగేచోట రోడ్డుకి అడ్డంగా ఓ కర్ర గేటు ఉంది. ఎగాన్ దిగి తెరిచాడు. ఆమె కారు అవతలికి పోనిచ్చింది. అతను వెనక నిలబడి ఇనప గడియతో ఏదో కుస్తీ పడుతుంటే, ఆమె ఒళ్లు మండి హారన్ కొట్టింది. అతను కదలకపోతే మళ్లీ కొట్టింది. అతను పరిగెత్తుకొచ్చి, నీళ్లు కారుతూ కూర్చుని, "ఇక్కడ కూడా హారనేనా?" అన్నాడు. ఆమె గేరు మార్చింది. కారు కదిలాక అద్దంలో చూస్తే గేటు మెల్లగా, తనంతట తానే, తెరుచుకుంటోంది.

చెప్పడానికి నోరు తెరిచింది. చెబితే అతను మళ్లీ వానలోకి దిగాలి, మళ్లీ ఓ మాటంటాడు, తను ఓ మాటంటుంది. వెనక ఎవరో ఒకరు వస్తారులే, వాళ్లు వేస్తారులే అనుకుంది. మలుపు తిరిగాక అద్దంలో పొగమంచు తప్ప ఏమీ మిగల్లేదు.

తెల్లారేసరికి సరస్సు పొంగి ఒడ్డు వెంట పోయే దారీ మూసేశారు. పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. ఎగాన్ కాసేపు కిటికీ దగ్గర నిలబడి, పత్రిక తీసుకుని మళ్లీ పడుకున్నాడు. గెర్లిండె కిందికి దిగొచ్చింది.

కింది గదిలో పొడుగాటి బల్ల నిండా ఫర్ చెట్టు కొమ్మలు, తీగ చట్రాలు, రంగులద్దిన చెక్క పేళ్లు. ఉల్లిపొరంత పల్చగా చిత్రిక పట్టిన పేళ్లవి. బుర్గి వాటిని వేళ్ల మధ్య మడిచి, నడుం దగ్గర దారం బిగించి, విప్పేసరికి పువ్వవుతోంది.

"ఊరికే కూర్చుంటే వాన ఇంకా పెద్దదవుతుంది. రండి, ఈ ఎర్రవి మడవండి" అంది బుర్గి.

గెర్లిండె చేతిలో మొదటి పేడు ఫట్‌మని విరిగింది. రెండోదీ విరిగింది.

"నీళ్లలో ముంచి మడవాలమ్మా. పొడిగా ఉన్నప్పుడు బలవంతం చేస్తే ఏదైనా విరుగుతుంది" అని బుర్గి గిన్నె ఇటు జరిపింది. "మీ ఆయన లేవలేదా?"

"లేవలేదు."

"లేవకపోతేనే హాయిగా ఉన్నట్టుంది మీకు."

గెర్లిండెకి నవ్వొచ్చింది. రెండ్రోజుల్లో అదే మొదటి నవ్వు. ఇవన్నీ ఎవరికని అడిగింది.

"ఆవులకి. ఆదివారం మంద కొండ దిగుతుంది. తలలకి కిరీటాలు కట్టి, ఊరి నడుమగా తోలుకొస్తాం. వేసవంతా పైన ఒక్క ప్రాణానికీ ఏమీ కాకుండా గడిస్తేనే సుమండీ. ఒక్కటి పోయినా కిరీటాల్లేవు, మెడ గంటలు మోగకుండా వాటిల్లో గడ్డి కుక్కి, బోడి తలల్తో దిగాల్సిందే. ఈ ఏడు మాత్రం మా అఫ్రాకి ఏ లోటూ రాలేదు. ఆరేళ్లుగా ఒక్కతే చూసుకుంటోంది మందని. దిగిన రోజున ఆ పిల్ల మొహం చూడాలి మీరు."

వేలికి దారం చుట్టుకుంటూ ఇంకేదో చెప్పబోతుండగా తలుపు తెరుచుకుంది. లోపలికొచ్చినవాడు పొట్టి మనిషి. టోపీ అంచు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. మందలో సగం పైగా ఆవులు అతనివే. పేరు సెవెరిన్. అతని వెనక గుమ్మం దగ్గరే ఆగిపోయింది ఓ మనిషి. పాతికా ముప్పయ్యేళ్ల మధ్య వయసు, వెడల్పాటి భుజాలు, మోకాళ్ల దాకా బురద.

"కట్టడం ఆపెయ్ బుర్గీ" అన్నాడు సెవెరిన్. "బ్లెస్ పోయింది."

బుర్గి చేతిలో పువ్వు అలాగే ఉండిపోయింది. బ్లెస్ అంటే మంద ముందు నడిచే ఆవు, పెద్ద గంట మోసేది.

"మలుపు కింద లోయలో పడి ఉంది. కొండ మీంచి దొర్లిన బండలా పడుంది పాపం. గేటు బార్లా తెరిచి ఉంది. పదకొండు ఆవులు అడివిలో తిరుగుతున్నాయి." అతను వెనక్కి తిరిగాడు. "చెప్పు అఫ్రా. నువ్వే చెప్పు వీళ్లకి."

"నేను వేశాను గేటు" అంది అఫ్రా. గొంతు గట్టిగానే ఉంది.

"ఎప్పుడు వేశావ్?"

"పాలు తీసే ముందు. రోజూ వేసినట్టే."

"రోజూ సంగతి కాదు నేనడిగేది. నిన్న వేశావా?"

"వేశాను." తన అరచేతి వైపు చూసుకుంది. "వేశాననే అనుకుంటున్నాను."

"విన్నావా? అనుకుంటోందట." సెవెరిన్ టోపీ తీసి బల్లకేసి కొట్టాడు. ఎర్ర పేళ్ల మీద నీళ్లు చిందాయి. "ఆరేళ్లు నమ్మి మంద నీ చేతిలో పెడితే నువ్వు నాకు అనుకోవడాలు చెబుతావా?"

"ఎవరైనా ఆ దారిన వచ్చారేమో చూడవయ్యా" అంది బుర్గి.

"నిన్నటి వానలో ఆ దారిన ఏ పిచ్చివాడు వస్తాడే?"

గెర్లిండె చేతిలో పేడు విరిగింది.  మీరు ఏ దారిన వచ్చారని నిన్నటి నుంచీ ఎవరూ అడగలేదు. ఒడ్డు దారిన వచ్చుంటారనే అందరూ అనుకున్నారు. ఇప్పుడు చెప్పాలి, ఈ క్షణంలోనే చెప్పాలి అనుకుంది.  పైన పడుకున్న మొగుడు గుర్తొచ్చాడు, ఈ పొట్టివాడి గొంతుకి జంకింది, ముందు మొగుడితో ఓ మాట అనుకుని చెబుదాంలే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకోవడంలో మనిషికి ఉన్న తెలివి ఇంతా అంతా కాదు.

"వచ్చే వేసవికి పైకి ఇంకొకరిని చూసుకుంటాను" అని సెవెరిన్ తేల్చేశాడు. "ఆదివారం మాత్రం నువ్వే ముందు నడిచి దిగాలి. అందరూ చూడాలి."

అతను వెళ్లాక ఊరి ఆనవాయితీలో మిగతా సగం బుర్గి చెప్పింది. పిడుగు పడో, జబ్బు చేసో ఆవు పోతే జనం గుమ్మాల్లో నిలబడి మందని లోపలికి పిలుస్తారట. కాపరి తప్పు వల్ల పోతే తలుపులు వేసుకుంటారట. మూసిన తలుపుల మధ్య నుంచి నడుచుకుపోవాలి కాపరి. తన చిన్నప్పుడు ఒకడు అలా నడిచాడనీ, మరుసటి ఏడు వాడు ఊళ్లో లేడనీ చెప్పింది. చెబుతూనే అయిపోయిన కిరీటాల్ని ఒక్కొక్కటీ తీసి గోడకేసి తిప్పి పెట్టింది.

మధ్యాహ్నం గెర్లిండె సూపు గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. అఫ్రా పొయ్యి పక్క పీట మీద కూర్చుని ఉంది. అడివిలోంచి ఆవులన్నిటినీ తోలి, మళ్లీ దిగొచ్చింది. చేతులు పగిలి, ఆ పగుళ్లలో మట్టి నల్లగా గీతలు కట్టి ఉంది.

"కాస్త తాగండి. వేడిగా ఉంది."

అఫ్రా గిన్నె అందుకుంది గానీ తాగలేదు. "గేటు దగ్గర నా చెయ్యి గుర్తుందండీ నాకు" అంది, ఎవరికి చెబుతోందో చూసుకోకుండా. "చల్లగా తగలడం, బిగించడం, అన్నీ గుర్తున్నాయి. కానీ అది నిన్నటిదా, మొన్నటిదా? వంద సార్లు వేశాను ఈ వేసవిలో. అన్నీ ఒకేలా గుర్తుంటాయి కదా."

"మీరు వేసే ఉంటారు" అంది గెర్లిండె.

"మీకేం తెలుసు?"

అంతకన్నా సూటిగా ఎవరడుగుతారు? గెర్లిండె నోట్లో మాట తిరిగింది.  "చూస్తే తెలుస్తుంది కదా మనిషి" అంది చివరికి. ఆ మాట తన చెవికే రోత పుట్టించింది.

"రాత్రంతా గంట మోగిందండీ" అంది అఫ్రా. "ఎక్కడో కింద. గాలికి అలా వినిపిస్తోంది, బ్లెస్ పాక పక్కనే ఉందనుకున్నాను. నిద్రలో ఉన్నాను."

 సూపు మీద మీగడలా పొర కట్టింది.

గెర్లిండె మెట్లెక్కి గదిలోకి వెళ్లి తలుపు వేసింది. ఎగాన్ మంచం మీద కూర్చుని ఇటలీ పటం చూస్తున్నాడు. జరిగిందంతా చెప్పింది. అతను శ్రద్ధగానే విన్నాడు, మంచివాడే.

"అయ్యో పాపం" అన్నాడు. "కానీ నేను గేటు వేశాను కదా."

"పడలేదు ఎగాన్. అద్దంలో చూశాను. తెరుచుకుంది."

"గడియ వేశాను గెర్లీ. నా చేత్తో వేశాను."

"తెరుచుకోవడం నా కళ్లతో చూశాను."

అతను పటం మడిచాడు. మడతలు సరిగా కుదరక మళ్లీ విప్పి మడిచాడు. "చూశావా? చూసి మాట్లాడకుండా కారు నడుపుకొచ్చావా?"

ఆమె మంచం అంచున కూర్చుంది.

"అప్పుడు చెప్పనిదానివి ఇప్పుడెందుకు చెబుతావు? పదిమందిలో నన్ను అబద్ధాలకోరుని చెయ్యడానికా?" అతను పటాన్ని పక్కకి విసిరేశాడు. "నీ హారన్‌కి జడిసి పరిగెత్తుకొచ్చాను. అయినా వేసే వచ్చాను."

అది నిజమే. అతను నిజమే చెబుతున్నాడని ఆమెకి తెలుసు. తనూ నిజమే చెబుతోంది. రెండు నిజాలూ ఒక గేటుకి ఎలా సరిపోతాయో మాత్రం ఇద్దరికీ అంతుపట్టలేదు.

"నువ్వు వేయలేదని చెప్పను" అంది ఆమె చివరికి. "నేను చూసి ఊరుకున్నానని చెబుతాను. ఆ పిల్ల తన చేతిని తనే అనుమానించుకుంటోంది ఎగాన్. తనకి నిన్న సాయంత్రం దాకా ఏ లోటూ లేదు."

ఎగాన్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

శనివారం భోజనాల వేళకి ఊరి పెద్దలు తమ మూల బల్ల దగ్గర చేరారు. ఆ బల్ల దగ్గర కొత్తవాళ్లు కూర్చోరు, కూర్చోమని ఎవరూ అనరు. గెర్లిండె కూర్చోలేదు, పక్కన నిలబడింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. పై దారిన వచ్చామని, గేటు తెరిచామని, హారన్ కొట్టింది తనేనని, తెరుచుకుంటుంటే చూసి కూడా చెప్పకుండా వచ్చేశానని చెప్పింది. బీరు గ్లాసులు బల్ల మీద కదలకుండా ఉండిపోయాయి. వంటింటి గుమ్మంలో అఫ్రా వచ్చి నిలబడింది.

సెవెరిన్ మీసం తుడుచుకున్నాడు. "మీరు మంచివారమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. "సూపు తీసుకెళ్లి ఇచ్చారట కదా. జాలిగుండె మీది. కానీ జాలిపడి ఇలాంటివి నెత్తిన వేసుకోకూడదు. నిన్న పొద్దున్న ఇదే గదిలో ఉన్నారు మీరు. అప్పుడు అనలేదే?"

"అప్పుడు... నోరు రాలేదు."

"అదీ సంగతి" అని పక్కనున్న ముసలాయన నవ్వాడు. "పట్నం ఆడవాళ్లకి నోరు రాకపోవడం ఏ ఊళ్లో విన్నార్రా?"

బల్ల చుట్టూ నలుగురూ నవ్వారు. గెర్లిండెకి తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పడానికి భయపడింది గానీ, చెబితే నమ్మరన్న సంగతి ఆమె ఊహలోనే లేదు.

"మీ ఆయన్ని అడుగుదాం పోనీ" అన్నాడు సెవెరిన్, పొయ్యి దగ్గర కూర్చున్న ఎగాన్ వైపు తిరిగి. "ఏమయ్యా, గేటు తెరిచి వదిలేశావా నువ్వు?"

ఎగాన్ లేచి నిలబడ్డాడు. మొహం కందగడ్డలా అయింది. "పై దారిన వచ్చిన మాట నిజమేనండీ. గేటు మాత్రం వేశాను."

"అయితే ఇంకేం." సెవెరిన్ చేతులు చాచాడు.

"ఎలా వేశావు?" అంది గెర్లిండె.

ఆమె అతన్ని ఇరికించాలని అడగలేదు. తనకే తెలుసుకోవాలని ఉంది. "చేత్తో చూపించు ఎగాన్. నాకోసం."

అతను బల్ల ముందుకి వచ్చాడు. తర్వాత లేని గేటుని ఎదర పెట్టుకుని, ఎడమ చేత్తో కర్రని దగ్గరికి లాగి, కుడిచేత్తో గడియని పక్కకి నెట్టాడు. "బిగుసుకుపోయి ఉందండీ, తుప్పు పట్టి. అందుకే అంతసేపు పట్టింది. బలంగా నెడితే వెళ్లింది. టక్కుమని చప్పుడు కూడా వినిపించింది."

 నవ్విన ముసలాయన గ్లాసులోకి చూసుకుంటున్నాడు. ఎగాన్ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

"ఏం, తప్పేంటి?" అన్నాడు.

"ఆ గడియ పనిచేయదు బాబూ" అంది బుర్గి మెల్లగా. "రాట పక్కకి ఒరిగిపోయి ఎన్నో ఏళ్లయింది. గడియ దూరే కన్నం ఎక్కడో ఉంది, గడియ ఎక్కడో ఉంది. పక్కన తీగ చుట్టు వేలాడుతుంటుంది, దాన్ని ఎత్తి గేటు కర్ర మీదుగా వేయాలి. ఊళ్లో పసివాళ్లకి కూడా తెలుసు. అందుకే గడియ సంగతి ఎవరూ పట్టించుకోలేదు."

ఎగాన్ చెయ్యి దించాడు. "తెరిచేటప్పుడు ఆ తీగ నేనే తీశాను, పాత కట్టేమో అనుకున్నాను" అని భార్య వైపు చూశాడు. ఆమె కళ్లలో గెలిచిన సంతోషం వెతికాడేమో, అక్కడ అది లేదు.

"కొత్తవాళ్లు చూసి మోసపోతారు, ఆ గడియ పీకేయించమని అఫ్రా నీకు రెండేళ్లుగా చెబుతోంది కదా సెవెరిన్" అంది బుర్గి. "ఈ గదిలోనే చెప్పింది. నేను విన్నాను. 'తీరిక లేదు' అన్నావు."

సెవెరిన్ టోపీ కోసం వెతికాడు. అది అతని మోకాలి మీదే ఉంది. గుమ్మంలో అఫ్రా ఉన్న వైపు చూడకుండా, బల్ల మీద గోటితో ఏదో గీశాడు. "పీకించాల్సింది" అన్నాడు. పొట్టి మనిషి ఇంకా పొట్టిగా కనిపించాడు. తర్వాత అంత పెద్ద గొంతూ ఎక్కడికి పోయిందో, "వచ్చే ఏడు నువ్వే వెళ్లు అఫ్రా" అన్నాడు.

అఫ్రా వినిపించుకుందో లేదో. గుమ్మం ఖాళీగా ఉంది.

ఆదివారం సన్నజల్లు పడుతోంది. కింది దారి బాగుచేశారని కబురొచ్చింది. ఎగాన్ సామాను కారులో సర్దాడు, కానీ బయల్దేరదామని అనలేదు. చర్చి పక్క నుంచి మంద దిగుతుంటే గిట్టల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. గంటల్లో గడ్డి కుక్కారు. ఆవుల తలలు బోడిగా, తడిగా ఉన్నాయి. తలుపులు మాత్రం అన్నీ తెరిచి ఉన్నాయి. ఒక్కో గుమ్మంలో ఒక్కో కుటుంబం నిలబడి ఉంది, గొడుగు లేకుండా. మగాళ్లు టోపీలు తీశారు. సెవెరిన్ కూడా తన గుమ్మంలో తీశాడు. అఫ్రా ముందు నడుస్తోంది. చేతిలో కర్ర ఉంది, ఎటూ చూడటం లేదు.

సత్రం దగ్గర బుర్గి ఎదురెళ్లి పళ్లసారా గ్లాసు అందించింది. అఫ్రా ఒక్క గుక్కలో తాగి గ్లాసు తిరిగిచ్చేసింది. బుర్గి పక్కన గెర్లిండె ఉంది. ఏం చెప్పాలో ఉదయం నుంచీ మనసులో కూర్చుకుంది. తీరా ఎదురుపడ్డాక "క్షమించండి" అన్న ఒక్క మాటే మిగిలింది.

అఫ్రా ఆగి ఆమెని చూసింది. వెనక ఆవులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆగిపోయాయి.

"బ్లెస్ మీ వల్ల పోయిందని నేననను" అంది. "వాన, లోయ, గడియ, అన్నీ ఉన్నాయి. నేను నిద్రలో ఉన్నాను. గేటు వేశానని మాత్రం నాకు తెలుసండీ. శుక్రవారం పొద్దున్న దాకా తెలుసు. వాళ్లడుగుతూ పోయేసరికి నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది. మీరు చెప్పాక కూడా అది తిరిగి రాలేదు. రాత్రి పాక తలుపు వేసి, పడుకుని, మళ్లీ లేచి చూసుకున్నాను. మళ్లీ లేచాను. ఇలా ఎన్నాళ్లు లేవాలో చెప్పండి."

గెర్లిండెకి కన్నీళ్లు ఆగలేదు. తుడుచుకోవడానికి కూడా మొహం చెల్లలేదు.

అఫ్రా మంద చివరికి చూసింది. ఓ దూడ వంతెన దగ్గర నిలబడిపోయి, నీళ్లని చూసి బెదిరి వెనక్కి పోతోంది. రోజూ మందని ముందుకు నడిపించే ఆవు లేదు. వెనక నుంచి తోలే మనిషీ లేడు.

"అది రావట్లేదు" అంది అఫ్రా. "వెనక నుంచి తోలండి. కొట్టకండి, చేత్తో నెట్టండి చాలు."

గెర్లిండె గొడుగు ముడిచి గోడకి ఆనించింది. పట్నం బూట్లతో బురదలోకి దిగి, ఆవుల పక్క నుంచి వంతెన దాకా నడిచి, దూడ తడి వెన్ను మీద చెయ్యి వేసింది. అది వణుకుతోంది. ఊరంతా గుమ్మాల్లోంచి ఆమెని చూస్తోంది, ఎవరో ఏమిటో అందరికీ తెలుసు. తలెత్తడానికి ధైర్యం చాల్లేదు. నెట్టింది. దూడ ఒక అడుగు వేసింది. ముందు నుంచి, వెనక్కి తిరగకుండానే, అఫ్రా మందని పిలిచింది.